పట్లోళ్ల, పాటిల్, పటేల్: జహీరాబాద్ ప్రాంతంలో వంశమూలాల వెతుకులాట

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఒక కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో, ముత్తాత పేరేమిటో తెలుసుకోవాలంటే పాత జనాభా లెక్కలు తిరగేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ సంస్థానంలో మొదటి జనగణన 1881లో జరిగింది. ఆ తర్వాత సంస్థానం ఉన్నన్నాళ్లూ ప్రతి పదేళ్లకూ లెక్క తప్పలేదు. 1881లో సుమారు 98 లక్షలున్న సంస్థాన జనాభా 1891 నాటికి కోటీ 15 లక్షలైంది. 1901లో కోటీ 11 లక్షలకు తగ్గింది. ఆ దశాబ్దం చివర్లో వచ్చిన కరువులే దానికి కారణం. 1911లో కోటీ 33 లక్షలకు పెరిగి, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా తర్వాత 1921లో మళ్లీ కోటీ 24 లక్షలకు పడిపోయింది. వంశవృక్షం రాసే వారికి ఈ అంకెల వల్ల ఒక ప్రయోజనం ఉంది. 1900కు, 1920కి అటూఇటూ ఒక కొమ్మ హఠాత్తుగా ఆగిపోతే అందుకు కారణం కాగితం పోవడం కాకపోవచ్చు, మనుషులే పోయి ఉండవచ్చు.

ఆ లెక్కల్లో అంతకుమించి కుటుంబాల గురించి దొరికేది తక్కువ. ఎన్యుమరేటర్లు ఇంటింటికీ తిరిగి షెడ్యూళ్లు నింపేవారు. 1901 నుంచి ఆ వివరాలను మనిషికొక చీటీ చొప్పున ఎత్తి రాసి, మతాన్ని బట్టి, ఆడా మగా తేడాను బట్టి, కులాన్ని బట్టి కుప్పలుగా వేరుచేసి లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. పట్టికలు తయారయ్యాక చీటీలతో ప్రభుత్వానికి పని లేదు. వాటిని దాచలేదు. దాచిన నివేదికల్లో ఏ కులం వారు ఎందరు, ఏ భాష వారు ఎందరు అన్నది ఉంటుంది గానీ ఎవరి పేరూ ఉండదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మనుషుల వివరాలున్న జనగణన పత్రాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, అవి సాక్ష్యంగానూ చెల్లవు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ నూరేళ్లు నిండిన జనగణన పత్రాలను బయటపెడతారు. 1921 నాటివి 2022లో వచ్చాయి. అమెరికాలో 72 ఏళ్ల గడువు. 1950 పత్రాలు 2022 ఏప్రిల్‌లో అందరికీ అందాయి. అక్కడ వంశాన్వేషణ పుస్తకాలు చాలావరకు జనగణనతోనే మొదలవుతాయి. ఆ పుస్తకాలు చదివి జహీరాబాద్‌లో వెతకబోతే మొదటి మెట్టు మీదే ఆగిపోవాలి. భారతదేశంలో దీనికి ఒక్క మినహాయింపు కనిపిస్తుంది. 1951లో జనగణన చీటీల నుంచి ఊరివారీగా పేర్లు ఎత్తి రాసి జాతీయ పౌర రిజిస్టర్లు తయారుచేశారు. అస్సాంలో అవే తర్వాతి పౌరసత్వ వివాదాలకు ఆధారమయ్యాయి. తక్కిన రాష్ట్రాల్లో వాటి ఊసెత్తేవారు లేరు.

జహీరాబాద్ విషయంలో ఇంకో చిక్కు, ఊరు కదలకుండానే జిల్లాలు మారడం. సంస్థాన కాలంలో ఇది బీదర్ జిల్లాలోని తాలూకా. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం నిర్ణా సర్కిల్‌ను మినహాయించి మిగిలిన జహీరాబాద్ తాలూకాను, బీదర్ తాలూకాలోని న్యాల్కల్ సర్కిల్‌ను, నారాయణఖేడ్ తాలూకాను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. బీదర్, హుమ్నాబాద్, భాల్కి మైసూరు రాష్ట్రంలోకి, ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. దాంతో ఒకే జిల్లాలో వియ్యమందుకుంటున్న కుటుంబాల కాగితాలు 1956 నవంబర్ 1 నుంచి మూడు రాష్ట్రాల పాలయ్యాయి. జహీరాబాద్ ఊళ్ల వివరాలు 1951లో బీదర్ జిల్లా జనగణన పుస్తకంలోనూ, 1961 నుంచి 2011 దాకా మెదక్ పుస్తకాల్లోనూ వెతకాలి. 2016 అక్టోబర్ 11 నుంచి ఇది సంగారెడ్డి జిల్లా. ఊరి పేరు రాతలోనూ నిలకడ లేదు. 1956 చట్టంలోనూ రైల్వే స్టేషన్ బోర్డు మీదా ఇంగ్లిషులో ఒక తీరుగా, నేటి మున్సిపాలిటీ కాగితాల్లో ఇంకో తీరుగా కనిపిస్తుంది. మొదటిదాన్ని పలికితే ‘జహిరాబాద్’, రెండోదాన్ని పలికితే ‘జహీరాబాద్’. ఊరి పేరే అలా ఉంటే ఊళ్లోవారి పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ ప్రాంతంలో పేర్లు దొరికేది భూమి కాగితాల్లో. జనగణన మనిషిని లెక్కపెట్టి పేరు పారేసింది. శిస్తు వసూలు చేయాల్సిన రెవెన్యూ శాఖ పేరునే పట్టుకుంది. సంస్థాన దివాను మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో మొదలైన సర్వే, బందోబస్తుల్లో సర్వే నంబరు వారీగా తయారైన మూల రికార్డు సేత్వార్. ఏటేటా పంటలు చూసి రాసేది పహాణీ. పట్టాదారు వారీగా శిస్తు తేల్చేది ఫైసల్ పట్టీ. ఇక 1954-55లో ఊరూరా రాసిన ఖాస్రా పహాణీ తెలంగాణ పల్లెల్లో నేటికీ భూవివాదాలకు గీటురాయి. ముత్తాత పేరు మొదటిసారి కంటబడేది చాలా కుటుంబాలకు ఈ ఖాస్రాలోనే.

ఆ రాతకు తనదైన పరిభాష ఉంది. పేరు ‘సంగప్ప వలద్ బసప్ప’ అని ఉంటుంది. వలద్ అంటే కొడుకు. ‘జౌజె’ అంటే భార్య, ‘బేవా’ అంటే వితంతువు. పట్టేదార్ పేరిట భూమి ఉంటుంది, కాబిజ్ చేతిలో సాగు ఉంటుంది, శిక్మీదార్ వాటాదారు. అన్నదమ్ములు వేరుపడినా పట్టా పెద్దవాడి పేరునే ఉండిపోవడం మామూలే కాబట్టి చిన్నవారి పేర్ల కోసం శిక్మీ గడి చూడాలి. ఇంటిపేరు చాలాచోట్ల అసలే ఉండదు, దాని స్థానంలో కులం ఉంటుంది. అందుచేత ఇక్కడ వంశం పట్టుకోవడమంటే ఇంటిపేరును వెంబడించడం కాదు, తండ్రీకొడుకుల జంటలను గొలుసుగా కూర్చడం. సంగప్ప వలద్ బసప్ప దొరికాక బసప్ప వలద్ ఎవరన్నది వెనకటి కాగితంలో చూడాలి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల బసప్ప వలద్ సంగప్ప, సంగప్ప వలద్ బసప్ప తరం విడిచి తరం తిరిగి వస్తుంటారు. ఏ సంగప్ప ఎవరో సర్వే నంబరు చెబితే తప్ప తేలదు.

ఈ కాగితాలన్నిటిలోకీ విలువైనవి ఫౌతీ ఫైళ్లు. ఫౌతీ అంటే మరణం. పట్టాదారు చనిపోతే వారసుల పేరిట పట్టా మార్చే పనికి విరాసత్ అని పేరు. ఆ ఫైలులో చనిపోయిన తేదీ, భార్య, కొడుకులు, వారి వయసులు, గ్రామ అధికారుల పంచనామా ఉంటాయి. అన్నదమ్ముల మధ్య తగాదా వస్తే ఇంకా మంచిది, వాంగ్మూలాల్లో రెండు మూడు తరాల బంధుత్వం బయటపడుతుంది. పోట్లాడుకున్న కుటుంబాల చరిత్ర సామరస్యంగా ఉన్న కుటుంబాల చరిత్ర కంటే బాగా దొరుకుతుందన్నది రెవెన్యూ రికార్డులు తిరగేసిన వారికి అనుభవమే.

తేదీలు ఫసలీలో ఉంటాయి. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబర్‌లో ఆజుర్ నెలతో మొదలయ్యేది. సంవత్సరం మొదట్లో డిసెంబర్ దాకా ఉన్న తేదీలకు 590, ఆ తర్వాతి తేదీలకు 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. భూమి శిస్తు చట్టం 1317 ఫసలీది, అంటే 1907-08. జాగీర్ల రద్దు 1358 ఫసలీలో, 1949 ఆగస్టు 15న జరిగింది. ఆ రద్దుకు ముందు బీదర్ జిల్లాలో పెద్ద భాగం జాగీర్లు, పాయిగా ప్రభువుల ఎస్టేట్ల కింద ఉండేది. ఆ ఊళ్ల లెక్కలు సర్కారు దగ్గర కాక జాగీర్దారు కచేరీలో ఉండేవి. ఒక ఊరికి పాత రికార్డు ఉండి పక్క ఊరికి లేకపోవడానికి తరచుగా కారణం ఇదే. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య వెంట జరిగిన హింస వల్ల రికార్డుల్లో మరో తెంపు వచ్చింది. ఆ హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ అత్యంత దెబ్బతిన్నవిగా చెప్పిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. ఊళ్లు విడిచిపోయిన ముస్లిం కుటుంబాల కాగితాలు మనుషులతోపాటే చెదిరిపోయాయి.

సంస్థానపు రాజభాష 1880ల దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ. జహీరాబాద్ ఊళ్లలో తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ నాలుగూ పలికేవి. పట్వారీ విన్నది ఒక భాషలో, రాసింది మరో లిపిలో. ఉర్దూలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు. ద్విత్వానికి గుర్తు ఉన్నా చేతిరాతలో పెట్టరు. ణ, ళ లేవు. ఉ, ఊ, ఒ, ఓ, ఔ, వ శబ్దాలకు వావ్ అనే ఒక్క అక్షరమే మోత మోస్తుంది. ‘గొల్ల’ అని రాసిన అక్షరాలను గోలా అని, గూలా అని, గుల్లా అని కూడా చదవొచ్చు. నుక్తాల చిక్కు ఇంకా పెద్దది. బే, పే, తే, నూన్ పదం మొదట్లో వచ్చినప్పుడు ఒకే పంటి ఆకారంలో ఉంటాయి, తేడా అంతా చుక్కల్లోనే. తొందర రాతలో చుక్క జారితే నాగయ్య బాగయ్య అవుతాడు. కాఫ్ మీద ఒక గీత పెరిగితే గాఫ్ అవుతుంది కాబట్టి గంగయ్య, కంకయ్య ఇద్దరూ ఒకరే కావచ్చు. 1956 తర్వాత ఈ పేర్లను ఉర్దూ నుంచి తెలుగులోకి ఎత్తి రాసినవారిలో ఊరి మనుషులను ఎరిగినవారు సరిగ్గా రాశారు, ఎరగనివారు చదివినట్టు రాశారు. పహాణీ నకలులో వింత పేరు కనిపించినప్పుడు దాన్ని మళ్లీ ఉర్దూలో రాసి చుక్కలు అటూఇటూ మార్చి చదవడం పాత మున్షీల ఉపాయం. ఇప్పటికీ దాన్ని మించినది లేదు.

అక్షరాలు మారడం సగం కథే. ఈ సరిహద్దులో ఇంటిపేర్లు అనువాదం కూడా అయ్యాయి. తెలంగాణ పల్లెల్లో వృత్తి కులాల వారికి కులం పేరే ఇంటిపేరుగా నడుస్తుంది. ఆ కులాన్ని పట్వారీ ఏ భాషలో రాస్తే ఇంటిపేరు ఆ భాషదవుతుంది. తెలుగులో వడ్ల, మరాఠీలో సుతార్, కన్నడంలో బడిగ. తెలుగులో కురుమ, కన్నడంలో కురుబ, మరాఠీలో ధన్‌గర్. కుమ్మరి కుంభార్ అవుతాడు, చాకలి ధోబీ అవుతాడు, మంగలి హజాం అవుతాడు. కల్లుగీత వారు తెలుగులో గౌండ్ల, కన్నడపు వైపు ఈడిగ, ఉర్దూ కాగితంలో కలాల్, ఇప్పటి సర్టిఫికెట్లలో గౌడ్. ఇక్కడి ముదిరాజ్‌లు పాత జనగణన పట్టికల్లో ముత్రాసి. 1931 జనగణన నివేదిక, 1920లో వెలువడిన సయ్యద్ సిరాజుల్ హసన్ కులాల గ్రంథం వంశాన్వేషకుడికి ఉపయోగపడేది ఇక్కడే. వాటిలో తాత పేరు ఉండదు, కానీ తాత కులాన్ని ఆ రోజుల్లో ఏమని రాసేవారో ఉంటుంది.

ఈ ప్రాంతపు ఇంటిపేర్లలో అందరికీ తెలిసింది పట్లోళ్ల. ఊరి పటేలు వతన్ (వంశపారంపర్య పదవి) ఉన్న ఇంటివారు పటేలోళ్లు, అదే పట్లోళ్ల. వాళ్లు అనే మాట తెలంగాణ పలుకుబడిలో ఓళ్లు కావడం, అది ఇంటిపేరుకు అతుక్కోవడం ఎర్రోళ్ల వంటి పేర్లలోనూ ఉంది. అదే పదవి బీదర్ వైపు పాటిల్, బిరాదార్ అనే పేర్లుగా నిలిచింది. లెక్కలు రాసే వతన్ అక్కడ కులకర్ణి అయింది. అందువల్ల పట్లోళ్ల అన్న ఇంటిపేరు రక్తసంబంధానికి రుజువు కాదు, ఆ ఇంట్లో ఒకప్పుడు పటేల్గిరీ ఉందనడానికి రుజువు. పది ఊళ్లలో పది పట్లోళ్ల కుటుంబాలకు పది వేర్వేరు మూలపురుషులు ఉండొచ్చు. మరోపక్క, ఒకే మూలపురుషుడి సంతానంలో పటేల్గిరీ దక్కిన పెద్ద కొడుకు శాఖ పట్లోళ్ల, దక్కని చిన్న కొడుకుల శాఖ వేరే పేరుతో నడవొచ్చు. తెలంగాణలో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ పదవులు 1984లో ఎన్‌టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా ఉన్నాయి. పదవి పోయింది గానీ ఇంటిపేరు మిగిలింది. తలారి, నీరటి, బేగరి లాంటివి కూడా ఊరి సేవల నుంచి వచ్చిన పేర్లే. నీరటి చెరువు తూము దగ్గర నీళ్లు పంచేవాడు.

ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేర్లకు ఒక చిన్న సూత్రం పనిచేస్తుంది. ఆ కుటుంబం ఆ ఊళ్లో ఉండదు. ఉద్గీర్‌కర్ అనే ఇంటిపేరు ఉద్గీర్‌లో పుట్టదు, ఉద్గీర్ విడిచి వేరే ఊరు చేరినప్పుడే పుడుతుంది. వలస ఎటు నుంచి ఎటు జరిగిందో చెప్పే సాక్ష్యం ఇంతకంటే సూటిగా మరొకటి దొరకదు. సొంత పేర్లు కూడా కొంత చెబుతాయి. సంగన్న, సంగమ్మ, సంగమేశ్వర్ వంటివి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుణ్ణి, మాణిక్‌రావు, మాణికప్ప హుమ్నాబాద్ దగ్గరి మాణిక్‌నగర్ ప్రభువును గుర్తుచేస్తాయి. చివర అప్ప ఉంటే కన్నడ పలుకు, అయ్య ఉంటే తెలుగు పలుకు అని గీత గీయలేం. ఒకే మనిషి బీదర్ సంతలో సంగప్ప, జహీరాబాద్ సంతలో సంగయ్య.

రోమన్ లిపిలోకి వచ్చేసరికి ఇంకో పొర చేరింది. బడి రిజిస్టరులో హెడ్‌మాస్టరు రాసిన స్పెల్లింగే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి వెళ్లింది. పట్లోళ్ల పేరునే అన్నదమ్ములు ఒకరు రెండు ‘ఎల్’లతో, ఒకరు ఒక ‘ఎల్’తో, మరొకరు చివర ‘హెచ్’ చేర్చి రాయడం కద్దు. తెలుగువారి ఇలాంటి కథ సముద్రాల అవతల ఎప్పుడో మొదలైంది. 1860 నవంబర్‌లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. దాని వెంట వెళ్లిన ఓడల్లోని నాయుడు దక్షిణాఫ్రికాలో కొత్త స్పెల్లింగుతో ‘నైడూ’ అయ్యాడు. మారిషస్‌లో అప్పడు ‘అప్పాడూ’ అయ్యాడు. కానీ ఆ కూలీలకు ఎమిగ్రేషన్ పాసులుండేవి. వాటిలో తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, ఒంటి మీద పుట్టుమచ్చతో సహా ఉన్నాయి. మారిషస్ వెళ్లినవారి రికార్డులను అక్కడి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచింది. కూలికి వెళ్లినవాడి చిరునామా దొరికినంత సులువుగా ఊళ్లో ఉండిపోయినవాడిది దొరకదు.

స్పెల్లింగు తేడాలను దాటడానికి అమెరికాలో 1918లో సౌండెక్స్ అనే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. పేరులోని మొదటి అక్షరం అలాగే ఉంచి, అచ్చులు వదిలేసి, మిగిలిన హల్లులకు అంకెలు ఇస్తారు. జనగణన సూచికలు దాని మీదే తయారయ్యాయి. దాని ప్రకారం పట్లోళ్ల ఎన్ని ‘ఎల్’లతో రాసినా, చివర ‘హెచ్’ ఉన్నా లేకున్నా పి344 వస్తుంది. జహీరాబాద్ రెండు స్పెల్లింగులకూ జెడ్613. ఇంతవరకు బాగుంది. వడ్ల అన్న పేరును ‘వి’తో రాసినవారికి వి340, ‘డబ్ల్యూ’తో రాసినవారికి డబ్ల్యూ340 వచ్చి ఇద్దరూ విడిపోతారు. ఎర్రోళ్ల ముందు ‘వై’ పెట్టినవారికీ పెట్టనివారికీ అదే గతి. వడ్ల, సుతార్, బడిగ ఒకటేనని చెప్పడం ఏ కోడ్‌కూ సాధ్యం కాదు. తెలుగు పేర్లకు ఈ యంత్రం పనిచేయాలంటే మొదటి అక్షరాన్ని కూడా అంకెగా మార్చుకోవాలి, ఆపైన వృత్తుల పేర్లకు నాలుగు భాషల పట్టిక ఒకటి పక్కన పెట్టుకోవాలి.

భూమి లేనివారికి భూమి కాగితం లేదు. వారి వంశాలు నోటి మీద నిలిచాయి. భూములున్న రెడ్లకు కూడా గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే పిచ్చకుంట్లవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు ఏటో రెండేళ్లకో ఒకసారి తమ హక్కు ఊళ్లు తిరిగి కథ చెప్పి, పుట్టినవారినీ పోయినవారినీ అడిగి, త్యాగం, అంటే తమకు రావాల్సిన కట్నం, పుచ్చుకునేవారు. మూలపురుషుడి కథలో పురాణం పాలు ఎక్కువ. చివరి నాలుగైదు తరాల పేర్ల దగ్గర మాత్రం వారు సామాన్యంగా పొరబడరు, పేరు తప్పితే త్యాగం దక్కదు కదా. బీదర్ వైపు పనిచేసిన అమెరికా మెథడిస్టు మిషన్ సంఘాల్లో బాప్తిస్మ రిజిస్టర్లు, ముస్లిం కుటుంబాల్లో ఖాజీ దగ్గరి నికా సియాహాలనే పెళ్లి పత్రాలు, సయ్యదు, పీర్జాదా ఇళ్లలో షజరాలనే వంశవృక్షాలు, బ్రాహ్మణులకు నాసిక్, త్రయంబకేశ్వర తీర్థ పురోహితుల బహీలనే పుస్తకాలు కూడా సర్కారు కాగితాలకు బయట దొరికే ఇలాంటి ఆధారాలే. బాప్తిస్మ రిజిస్టరు పాత పేరునూ కొత్త పేరునూ పక్కపక్కనే చూపిస్తే ఇంకే ఆధారమూ అక్కర్లేదు.

ఆడవారి పేర్లు వీటన్నిటిలోనూ పలచన. పహాణీలో స్త్రీ కనిపించేది ఎక్కువగా బేవాగానే, భర్త పోయాక. కూతురు పెళ్లయి వెళ్లగానే పుట్టింటి కాగితం నుంచి మాయమై, మెట్టినింటి కాగితంలో భర్త బతికున్నన్నాళ్లూ కనిపించదు. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ సవరణ కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ తర్వాతి విరాసత్ ఫైళ్లలో కూతుళ్ల సంతకాలు, వాటా వద్దని రాసిచ్చిన కాగితాలతో సహా, చేరుతున్నాయి. ప్రతి సంతకం పక్కనా భర్త పేరు, కాపురమున్న ఊరు ఉంటాయి. ఆ ఊరు కోహిర్ కావచ్చు, సరిహద్దు అవతల బీదర్ కావచ్చు, ఉద్గీర్ కావచ్చు. 1956లో మూడు రాష్ట్రాల మధ్య తెగిపోయిన బంధుత్వాల ఆచూకీ మళ్లీ అక్కడ దొరుకుతుంది.